మంత్రిగారి ప్రారంభ కూత

ఆటల శాఖలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు ముగ్గురు ఈమధ్య మా ఇంటికి వచ్చారు. "సార్, మంత్రిగారితో పనిచెయ్యడం ఎలా ఉంటుంది?" అని అడిగారు. ఆటల మంత్రికి ఆటలు తెలుసునని వాళ్ళ నమ్మకం. ముందు ఆ భ్రమ వదిలించుకోండి నాయనా అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ముసలాయనకి ఏదో కడుపుమంట అనుకుని ఉంటారు. కడుపుమంటే, దాచుకోవడం దేనికి? ఆ రోజు వాళ్ళకి కాఫీ ఇచ్చి పంపించేశాను. చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను.

నేను అనకాపల్లిలో హైస్కూలు డ్రిల్లు మాస్టరుగా మొదలుపెట్టి, పందొమ్మిది వందల అరవైల్లో జిల్లాకి ఆటల ఆర్గనైజరునయ్యాను. పోటీలు పెట్టడం, జట్లు కట్టడం, రాష్ట్ర శిబిరానికి ఆటగాళ్ళ పేర్లు పంపడం నా పని అని కాగితం మీద ఉండేది. నేను చేసిన పని మాత్రం మంత్రుల్ని జీపులోంచి దింపుకోవడం, మళ్ళీ ఎక్కించడం. నాకు ఏ ఏడు ప్రమోషను వచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అనేవి రాయను. అవి ఎవరి సర్వీసులో చూసినా ఒక్కలాగే ఉంటాయి.

కొసరు శాఖ

అప్పట్లో ఆటలు, యువజన వ్యవహారాలు అనేవి ఎవరో ఒక మంత్రికి అసలు శాఖతో పాటు అంటగట్టేవారు. బియ్యం కొన్నవాడికి చింతపండు పొట్లం కొసరు వేసినట్టన్నమాట. ఆ పొట్లం విప్పి చూసిన మంత్రిని నేను ఒక్కడినీ చూడలేదు. మంత్రి మారినా ప్రసంగం మారేది కాదు. యువకులు దేశానికి ఉక్కు కండరాలట, క్రమశిక్షణ ముఖ్యమట. అది చెప్పేవాడు మూడు గంటలు ఆలస్యంగా వచ్చి చెప్పేవాడు. అది వినేవాళ్ళు పొద్దున్నించీ ఎండలో వరసల్లో నించున్న స్కూలు పిల్లలు. నలుగురు కళ్ళు తిరిగి పడిపోతే, "చూశారా, ఈకాలం పిల్లల్లో దారుఢ్యం లేదు" అని దాన్ని కూడా ప్రసంగంలో కలిపేసుకున్న మహానుభావుణ్ణి చూశాను.

ఒకాయన వాలీబాల్ ఫైనలుకి వచ్చాడు. ఆట జరిగినంతసేపూ పక్కనున్న పంచాయతీ సమితి ప్రెసిడెంటుతో బోరింగుల గురించి మాట్లాడాడు. బహుమతులిచ్చే వేళకి గెలిచిన జట్టువాళ్ళు మట్టీ చెమటా కొట్టుకుని వెనకాల ఉన్నారు. ఓడిన ఎలమంచిలి జట్టువాళ్ళు కొత్త బనియన్లు వేసుకుని, తలలు దువ్వుకుని ముందు నించున్నారు. ఆయన కప్పు తీసుకెళ్ళి ఎలమంచిలి కెప్టెన్ చేతిలో పెట్టి భుజం తట్టాడు. ఫొటో కూడా తీశారు. తప్పు చెప్పడానికి స్టేజీ మీద ఒక డజను మంది పెద్దమనుషులున్నారు. ఒక్కడికీ నోరు పెగల్లేదు, నాకూ పెగల్లేదు. ఎలమంచిలివాళ్ళు కప్పుతో సహా బస్సెక్కేశారు. మర్నాడు నేను సిగ్గు విడిచి వెళ్ళి అడిగితే వాళ్ళ కెప్టెన్ ఏమన్నాడో తెలుసా?

"మేం దొంగిలించేమేటండి మాస్టారూ? మంత్రిగోరే సేతిలో ఎట్టేరు. కావాలంటే ఆయన్నే వచ్చి అడగమనండి."

సోడా తాగి తిరుగు బస్సెక్కాను.

మా పెద్దాఫీసరు నేర్పిన విద్య

మంత్రుల్ని ఒక్కళ్ళనే తిడితే సగం నిజమే చెప్పినట్టు. మంత్రి వస్తాడు, పోతాడు. ఆయన చుట్టూ తిరిగే మాలాంటి వాళ్ళం ఉంటాం. మా పెద్దాఫీసరు ఒకాయన ఈ విద్యలో ఆరితేరినవాడు. పేరు రాయను, ఆయన పోయి చాలాకాలమైంది. తెల్లటి బుష్‌కోటు, జేబులో రెండు పెన్నులు, మంత్రి దగ్గితే పరిగెత్తడానికి సిద్ధంగా ఒంగిన నడుము. నేను చేరిన కొత్తలో నన్ను కూర్చోబెట్టి ఉపదేశం చేశాడు.

"ఇదిగో మాస్టారూ, మంత్రిగారు అడిగాక చేసేవాడు గుమాస్తా. అడక్కముందే చేసేవాడు ఆఫీసరు. మీరు ఏదవుతారో మీ ఇష్టం."

ఆయన ఎలాంటి ఆఫీసరో ఒక్క ముక్కలో చెప్తాను. ఒకసారి హైస్కూలు గ్రౌండులో నించుని మంత్రి ఫుట్‌బాల్ గోలుపోస్టు వైపు చూసి మొహం చిట్లించాడు. ఎదురెండ పడింది, అంతే. మర్నాటికల్లా మా ఆఫీసరు గోలుపోస్టులు పీకించేశాడు. ఆ ఏడాదంతా మా కుర్రాళ్ళు రెండేసి ఇటకలు పెట్టుకుని ఫుట్‌బాల్ ఆడారు. నేను ఆయన్ని చూసి లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి. ఆ విద్య నాకూ పట్టుబడిందని తర్వాత తెలిసింది.

నూకరాజు

ఇక అసలు సంగతి. అనకాపల్లిలో ఒక చెడుగుడు జట్టుండేది. దాన్ని నడిపేది మెయిన్‌రోడ్డు టైలరు ఖాదర్ సాహెబు. కుట్టుకూలి డబ్బుల్లోంచి ఆటగాళ్ళకి టీలు తాగించేవాడు, బనియన్లు ఊరికే కుట్టేవాడు. ఆయన జట్టులో కుడిమూల నించునేవాడు నూకరాజు. కె. కోటపాడు అవతల ఏదో చిన్న ఊరు వాడిది. బెల్లం మార్కెట్టులో కలాసీ. పొద్దస్తమానం బెల్లం దిమ్మలు బళ్ళ మీంచి దింపి, లారీల్లోకి ఎత్తి, సాయంత్రం అలాగే గ్రౌండుకి వచ్చేసేవాడు. దిమ్మ జారితే కూలి పోతుంది, అందుకని ఆ చేతులకి జారనివ్వడమనేది తెలీదు. ఎదటి జట్టువాడు కూతకి వచ్చి ఆ మూలకి కాలు పెట్టాడా, ఇక తిరిగి వెళ్ళడం కల్ల. చీలమండ దగ్గర పట్టేవాడు. మనిషి మామూలుగా పిల్లిలా ఉండేవాడు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే తల దించుకునేవాడు.

వాడికి ఒక్కటే ఆశ. రాష్ట్ర జట్టుకి ఆడిన కాగితం తెచ్చుకుంటే రైల్వేలో పని చూస్తామని వాల్తేరు నుంచి ఒక పెద్దమనిషి ఖాదర్ సాహెబుకి మాటిచ్చాడు. ఇరవై అయిదేళ్ళు నిండితే మాత్రం తీసుకోరు. నూకరాజుకి ఇరవై నాలుగు వెళ్ళిపోతోంది. అంటే ఆ ఏడాదే అటో ఇటో తేలిపోవాలి.

"రైలు పనయితే ఏడాదంతా కూడుంటాది బాబూ," అని నాతో అన్నాడు. "ఈ దిమ్మలు మొయ్యడం ఆర్నెల్లే గదండీ. తతిమ్మా ఆర్నెల్లూ ఇంట్లో పిల్లల మొకాలు సూడలేను."

"నీ పేరు పంపకపోతే ఇంకెవరి పేరు పంపుతాను?" అన్నాను. అన్నమాట నిజమే. జిల్లా నుంచి పేర్లు పంపేది నేనే. అప్పటికే కాగితం మీద మొదటి పేరు వాడిది రాసి పెట్టాను.

ప్రారంభ కూత

ఆ చలికాలం అనకాపల్లిలో చెడుగుడు పోటీలు పెట్టాం. మంత్రి వస్తున్నాడని కబురు. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మంత్రి చేత ప్రారంభ కూత పెట్టించే తద్దినం మా ఊళ్ళో మొదలుపెట్టింది నేనే. రిబ్బను కత్తిరించడం అందరూ చేసేదే, మనం కొత్తగా ఏదైనా చెయ్యాలని నాకు బుద్ధి పుట్టింది. మంత్రి పంచె ఎగ్గట్టి, గీత దాటి, "చెడుగుడు చెడుగుడు" అంటూ నాలుగడుగులు వేస్తాడు. అవతల ఏడుగురూ భయపడిపోయినట్టు వెనక్కి పోవాలి. ఆయన ఒకడి భుజం ముట్టుకుంటాడు, వాడు అవుటై తల వంచుకుని బయటికి పోతాడు. చప్పట్లు, ఫొటో. అంతకుముందు ఇద్దరు మంత్రుల చేత పెట్టించాను. ఇద్దరూ ఇంటికెళ్ళేటప్పుడు, కుర్రతనంలో తాము ఎంతటి ఆటగాళ్ళో నాకు చెప్పారు.

ఆ రోజు ఖాదర్ సాహెబు జట్టునే బరిలో నించోబెట్టాను. ఏడుగురికీ ముందే చెప్పాను, ఎవడూ చెయ్యెత్తకూడదని. నూకరాజు కూడా "అలాగే బాబూ" అన్నాడు.

ఈ మంత్రి కాస్త భారీ మనిషి, హుషారు మనిషి. గీత దాటాడు. ఎడంపక్క కుర్రాడి భుజం ముట్టుకున్నాడు. జనం ఈలలు వేశారు. అక్కడితో వెనక్కి తిరిగితే అయిపోయేది. ఈలలు విన్నాక ఈయనకి ఇంకా ఊపొచ్చింది. కూత పెట్టుకుంటూ లోపలికి, ఇంకా లోపలికి వెళ్ళి, కుడిమూలకి ఓ కాలు చాపాడు.

నూకరాజు పట్టేశాడు. రెండు చేతులతో, చీలమండ దగ్గర.

మంత్రి బోర్లా పడ్డాడు. కూత ఆగిపోయింది. నూకరాజు ఇంకా వదల్లేదు. అంపైరు విజిలు వేస్తే గానీ వదలకూడదని వాడి లెక్క. అంపైరుకి విజిలు నోట్లో ఉంది గానీ ఊదడానికి ఊపిరి లేదు. నేనే పరిగెత్తి వాడి చేతులు విడిపించాను.

మంత్రి లేచి కూర్చున్నాడు. చొక్కా అంతా మట్టి, మోచెయ్యి గీరుకుపోయింది. నూకరాజు వైపు చూసి పకపకా నవ్వాడు. "ఓరి నీ దుంప తెగ, ఉడుంపట్టు రా నీది" అన్నాడు. అనుచరులు నలుగురు నూకరాజు మెడ మీద చెయ్యి వేస్తే, "వదిలెయ్యండయ్యా, ఆట అన్నాక పట్టడా మరి" అని కసిరాడు. చేతులు దులుపుకుని జీపెక్కి ట్రావెలర్స్ బంగళాకి స్నానానికి వెళ్ళిపోయాడు. ఆ రోజుకి ఆయన చేసిన మంచిపని అదొక్కటే. ఉన్నమాట చెప్పాలి కదా.

నూకరాజు నా దగ్గరికి వచ్చాడు.

"కాలు కనపడింది బాబూ, సెయ్యెలిపోయింది. నాను అట్టుకోలేదండీ, సెయ్యే అట్టుకుంది."

"సరేలే, పో" అన్నాను. మా పెద్దాఫీసరు షామియానా కింద నించుని నా వైపు చూస్తున్నాడు. అలా చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, జీపు వెనకాల వెళ్ళిపోయాడు.

రెండు ఇంగ్లీషు మాటలు

ఆ సాయంత్రం దీపాలు పెట్టకముందే నేను ఆఫీసులో కూర్చుని పేర్ల కాగితం తీశాను. ఎవరూ ఫోను చెయ్యలేదు. ఎవరూ చీటీ పంపలేదు. మంత్రి నవ్వాడని నా కళ్ళతో చూశాను. అయినా నా లోపల ఒకటే గుబులు. రేపు ఎవరైనా "ఆ పట్టినవాడి మీద మీరేం చర్య తీసుకున్నారు?" అని అడిగితే? అడక్కముందే చేసి ఉంచాలి కదా. నూకరాజు పేరు కొట్టేసి, పక్కన ఇంగ్లీషులో "కాండక్టు అన్‌శాటిస్‌ఫ్యాక్టరీ" అని రాశాను. నడవడి బాగాలేదని అర్థం. సంతకం పెట్టి, ఒక నకలు మా పెద్దాఫీసరుకి పంపాను. ఆయన మర్నాడు కనిపించి నా భుజం తట్టాడు.

వారం తిరక్కుండా ఖాదర్ సాహెబు వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది, దుకాణంలోంచి లేచి వచ్చేశాడు.

"లిస్టులో మావోడి పేరు లేదంట, ఏటి మాస్టారూ ఇది? మంత్రిగారే నవ్వి ఊరుకున్నారు గదా."

"పైనుంచి వచ్చింది సాహెబూ" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. "వాళ్ళు అప్పుడు నవ్వుతారు, తర్వాత కొడతారు. మన చేతిలో ఏముంది?"

ఖాదర్ సాహెబు మెడలోని టేపు లాగి చేతికి చుట్టుకున్నాడు. "నవ్వు మొహం పెట్టుకుని పేదోడి పొట్ట కొట్టేడా? తమాషా మనిషేనండి" అని లేచి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. బెల్లం మార్కెట్టులో కలాసీలు, షావుకార్లు, బండివాళ్ళు అందరూ మంత్రిని దుమ్మెత్తిపోశారు. టీ కొట్టు దగ్గర వాళ్ళతో కలిసి నేనూ తిట్టాను. అందరికన్నా గట్టిగా తిట్టాను.

మంత్రి అడిగిన ప్రశ్న

మీరు అనుకోవచ్చు, ఆ కాగితం వెళ్ళిపోయాక ఇక చేసేదేముందని. ఉంది. మూడు వారాల తర్వాత అదే మంత్రి విశాఖపట్నం వచ్చాడు. హైదరాబాదులో శిబిరం ఇంకా మొదలవ్వలేదు. పేరు చేర్చడానికి ఆయన నోటిమాట చాలు. గెస్టుహౌసు వరండాలో ఏడెనిమిది మంది మధ్య కూర్చుని, తాను అనకాపల్లిలో పడ్డ కథ చెప్పుకుంటున్నాడు. అప్పటికి ఆ కథలో ఆయన నలుగుర్ని అవుట్ చేసేశాడు. నన్ను చూసి పిలిచాడు.

"ఏమయ్యా మాస్టరూ, నన్ను పట్టినవాడు ఎలా ఉన్నాడు? రాష్ట్ర జట్టులో వేశారా లేదా? వాణ్ణి వెయ్యకపోతే ఇంకెవణ్ణి వేస్తారయ్యా?"

మా పెద్దాఫీసరు పక్కనే ఉన్నాడు. నేను రాసిన రెండు ఇంగ్లీషు మాటల నకలు ఆయన ఫైల్లో ఉంది. వేశామంటే అబద్ధం. వెయ్యలేదంటే ఎందుకు వెయ్యలేదని అడుగుతాడు. అడిగితే నా సంతకం బయటికి వస్తుంది.

"మోకాలికి దెబ్బ తగిలింది సార్. ఈ ఏడాదికి ఆడలేడు" అన్నాను.

"అయ్యో, అలాగా. మంచి నూనె ఏదైనా రాయమను" అన్నాడు మంత్రి. అంటూనే పకోడీల పళ్ళెం వైపు తిరిగిపోయాడు. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే, ఏ కాలికి, ఎప్పుడు అని అడిగి ఉంటే, నేను తడబడేవాణ్ణి. అడగలేదు. మంత్రులు ప్రశ్నలు అడుగుతారు గానీ జవాబు దాకా ఆగరు. ఆ సందులోనే మాలాంటి వాళ్ళం సర్వీసంతా బతికేస్తాం. మంత్రి చెయ్యగలిగిన పనేమిటని మీరు నన్నడిగితే, జవాబు దాకా ఆగడమొక్కటే అంటాను. నా సర్వీసులో ఆగినవాణ్ణి చూడలేదు. ఆయనకి పకోడీలు ముఖ్యమయ్యాయి, నాకు నా ఉద్యోగం ముఖ్యమయింది. ఇద్దరిలో ఎక్కువ నీచుడెవడంటే నేనే. ఆయనకి కనీసం నిజం తెలీదు.

శిబిరం అయిపోయింది. రాష్ట్ర జట్టు వెళ్ళి ఆడి వచ్చింది. నూకరాజుకి ఇరవై అయిదు నిండింది. వాల్తేరు పెద్దమనిషి మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నూకరాజు ఆట మానేశాడని ఖాదర్ సాహెబు చెప్పాడు.

బెల్లం మార్కెట్టులో

మరుసటి ఏడాది సీజనులో ఒక ఉదయం మార్కెట్టు ముందునుంచి సైకిలు మీద వెళ్తూంటే ఎవరో పిలిచారు. నూకరాజు. తలమీద గోనెపట్టా, మెడ దాకా బెల్లం మడ్డి. లారీ పక్కనించి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"మాస్టారూ, వచ్చేవారం మంత్రిగోరు తుమ్మపాల వత్తన్నారంట గదా. నన్నోపాలి ఆయన ముందర నిలబెట్టండి బాబూ. కాళ్ళ మీద పడిపోతాను. తప్పయిపోయిందని సెప్పుకుంటాను."

"ఇప్పుడెందుకురా?" అన్నాను.

"నాకెలాగూ ఈడు దాటిపోయింది. మా తమ్ముడు బాగా ఆడతన్నాడండి. నా మీద కోపం ఆయన ఆడి మీద తీరుసుకుంటే ఆడి బతుకూ ఇంతేగదా. అందుకని అడుగుతున్నాను."

నిజం చెప్పాలనిపించి చెప్పానని రాస్తే మీరు నన్ను మెచ్చుకుంటారు. అది కూడా అబద్ధమే అవుతుంది. వీడు వెళ్ళి కాళ్ళ మీద పడితే ఆ మంత్రి, "నాకు కోపమేమిట్రా, నీ మోకాలు తగ్గిందా?" అంటాడు. పదిమందిలో నా బండారం బయటపడిపోతుంది. అందుకే చెప్పాను, భయపడి.

"మంత్రికి నీ మీద కోపం లేదు నూకరాజూ. ఎప్పుడూ లేదు. నీ పేరు కొట్టేసింది నేను."

వాడికి అర్థం కాలేదు. "ఆయన కొట్టీమంటేనే గదండీ తవఁరు కొట్టేసేరు?"

"అనలేదు. ఎవరూ అనలేదు. నా అంతట నేనే కొట్టేశాను. నిన్ను జట్టులో వేశారా అని ఆయన తర్వాత అడిగితే, నీ మోకాలికి దెబ్బ తగిలింది, ఆడలేవని చెప్పాను."

లారీ దగ్గర్నించి మేస్త్రీ కేకేశాడు. నూకరాజు అటు చూడలేదు. తలమీది గోనెపట్టా తీసి, దానితో చేతులు తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా ఆ మడ్డి పోదు, అయినా తుడుస్తూనే ఉన్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మంత్రిగోరికైతే కాలట్టుకుని పడేసేను. ఆయనకి కోపమొచ్చినా అందులో నాయముంది," అన్నాడు. "మరి తవఁరికి నానేటి సేసేనండి?"

గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. అడిగి, జవాబు కోసం నా మొహంలోకి చూస్తూ అలాగే నించున్నాడు.